నిండు నూరేళ్లు, షరతులు వర్తిస్తాయి

మా జగ్గయ్యపేటలో ఈ మధ్య చావడం పెద్ద నామోషీ అయిపోయింది. పూర్వం మనిషి పోతే కాలం తీరిందనేవాళ్లు. పిల్లలు స్థిరపడ్డాకే పోయాడు, అదృష్టవంతుడనేవాళ్లు. ఇప్పుడు పరామర్శకొచ్చిన పెద్దమనిషి చెప్పులు విప్పుతూనే పంచనామా మొదలుపెడతాడు. "వాకింగ్ చేసేవాడా?" చేసేవాడు. "రాత్రిళ్లు అన్నమా, చపాతీనా?" ఇంటావిడ ఏడుపు మధ్యలో తలెత్తి "రెండు పుల్కాలే అన్నయ్యగారూ" అంటుంది. "నూనె?" గానుగ నూనే. "టీ?" తాగేవాడు. "పాలు పోసిందేనా?" పాలు పోసిందే. "అదీ సంగతి!" అని ఆయన వాకిట్లో కుర్చీల వైపు తిరిగి తీర్పు చదువుతాడు. దండేసిన ఫొటోలో పోయినాయన సంజాయిషీ చెప్పుకోలేక చూస్తూ ఉంటాడు. పదకొండో రోజు భోజనాల్లో ఇదే పెద్దమనిషి గారెలు మారు వడ్డించుకుంటూ "ఒక్క పూటకేం కాదులే" అంటాడు.

ఈ తీర్పులో గొప్ప సుఖం ఉంది. చచ్చినవాడిదే తప్పయితే బతికున్నవాడు భయపడక్కర్లేదు. అంతకంటే పెద్ద సుఖం ఇంకోటి ఉంది. ఊళ్లో దుమ్ముది తప్పు కాదు, కుళాయిది తప్పు కాదు, రోడ్డుది తప్పు కాదు, టీలో పాలది తప్పు. పాల మీద ఎంత గట్టిగా మాట్లాడినా ఏ లీడరుకీ కోపం రాదు, ఏ ఫ్యాక్టరీ గేటూ మూతపడదు.

దీర్ఘాయుష్షు చెప్పే గురువులకు తెలుగునేల మీద కొదవ లేదు. కృష్ణ కరకట్ట మీద ఆశ్రమం నడిపే మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే మానెయ్యమన్నారు. వీరమాచనేని రామకృష్ణ గారొచ్చి అసలు అన్నమే మానేసి రోజుకి 70 గ్రాముల కొవ్వు ఒంట్లోకి పంపమన్నారు. కిరాణా కొట్లో కొబ్బరినూనె తలకి రాసుకునే సరుకుల వరసలోంచి లేచి తాగే సరుకుల వరసలోకి వచ్చింది. ఈలోగా ఖాదర్ వలీ గారు కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు అని ఐదు సిరిధాన్యాలు చేతిలో పెట్టారు. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది, ఆ ఏడాదినే ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది.

ఈ ముగ్గురి భక్తులూ ఒకే ఇంట్లో ఉంటే చూడాలి. నందిగామలో అలాంటి ఇళ్లు వెతుక్కోకుండానే దొరుకుతాయి. మామగారికి ఉప్పులేని సొరకాయ, కొడుక్కి కొబ్బరినూనెలో తేలే ఆమ్లెట్టు, అత్తగారికి రాత్రంతా నానబెట్టిన సామల అంబలి. పొయ్యి దగ్గర కోడలు. మామగారు కొడుకుని "ఆ నూనె గుండెకి పట్టుద్దిరా" అంటాడు. కొడుకు తండ్రిని "ఆ గడ్డి తిని నీరసపడతావు నాన్నా" అంటాడు. అత్తగారు ఇద్దర్నీ కలిపి శపిస్తుంది. ముగ్గురికీ మూడు రకాలు వండి పెట్టాక కోడలు గిన్నెలో అడుగంటిన వరి అన్నంలో ఆవకాయ కలుపుకుని నిలబడే తింటుంది. ఆవిడ బీపీ ఎంతో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. బీపీ మిషను మామగారిది, ఇంకొకరు పట్టుకుంటే లెక్క తేడా వస్తుందని ఆయన నమ్మకం.

గురువుల మాటల్లో నిజం లేదని కాదు. ఉప్పు తగ్గిస్తే రక్తపోటుకి మంచిదే. కొండంత వరి అన్నం షుగరుకి చెడ్డదే. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చింది కూడా. చిరుధాన్యాల్లో పీచు ఉంది, ఎవరు కాదన్నారు? నా తగువు ఆ నిజం ఎవరి నెత్తిన రుద్దుతున్నారన్నదాంతో.

మా మెట్టలో జొన్నన్నం ఎవరో నేర్పితే తిన్నది కాదు. వరి పండక తిన్నది. అల్లుడొస్తే జొన్నన్నం పెట్టడం సిగ్గు, పక్కింట్లో సోలెడు బియ్యం బదులు తెచ్చేవాళ్లు. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారు ఊరూరూ, ఆఫీసాఫీసూ తిరిగి నాగార్జునసాగర్ కోసం పట్టుబట్టింది ఈ కరువు నేల చూసే. 1967లో కాలువలకి నీళ్లు వదిలారు, ఎడమ కాలువ మెట్టకొచ్చింది, చివరి ఊళ్లకి ఎప్పుడొస్తుందో ఎప్పుడు రాదో కాలువకే తెలీదు గానీ వరి మాత్రం వచ్చింది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాడు. మూడు పూటలా తెల్లన్నం తినగలగడం మా అమ్మమ్మల తరానికి మోక్షం. ఇప్పుడు వాళ్ల మనవలు అదే అన్నాన్ని విషమంటూ, వాళ్లు సిగ్గుపడి దాచుకున్న గింజల్ని కాగితపు సంచిలో సన్నబియ్యం కంటే ఎక్కువ ధరకి కొంటున్నారు. సంచి మీద తలపాగా రైతు బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మలోని రైతు ఇంట్లో మాత్రం రేషన్ బియ్యం.

ఇక నడక. రోజుకి పదివేల అడుగులు వేస్తే యముడు దారి తప్పుతాడని ఫోన్లూ వాచీలూ ఘోషిస్తున్నాయి. ఈ పదివేల లెక్క ఏ వేదంలోదో, ఏ వైద్యశాస్త్రంలోదో కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపు మీద 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మిషను అమ్మకానికి పెట్టి, దానికి పదివేల అడుగుల మీటరని పేరు పెట్టింది. పేరు అతికింది, లెక్క శాస్త్రమైపోయింది. అంతకంటే తక్కువ నడిచినా మేలేనని తర్వాత పరిశోధకులు చెబితే వాచీలు వినిపించుకోలేదు. నడక మంచిదే, సందేహం లేదు. ఎక్కడ నడవాలన్నదే చిక్కు. తెల్లారకముందే బూట్లు కట్టుకుని మావాళ్లు హైవే సర్వీసు రోడ్డెక్కుతారు. పక్కన సిమెంటు లారీలు వరసగా నిలబడి ఇంజన్లు వేడెక్కిస్తుంటాయి. మనవాడు చేతులు బార్లా చాపి, ఛాతీ విరిచి, యోగా మాస్టారు చెప్పినట్టే ఊపిరితిత్తుల అట్టడుగుదాకా గాలి పీలుస్తాడు. లారీ పొగ ముక్కులోకి మామూలుగా పోయేది, ఇప్పుడు శాస్త్రోక్తంగా పోతుంది.

ఈ నేల కింద సున్నపురాయి ఉంది, కాబట్టి పైన సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. ఉద్యోగాలొచ్చాయి, కాదనను. చుట్టుపక్కల ఊళ్లలో తెల్లారి లేచి తులసి ఆకు మీద వేలితో గీస్తే గీత పడుతుంది. ఆరేసిన పంచె సాయంత్రానికి గరగరలాడుతుంది. తులసి ఆకులు రెండు నమిలితే ఆయుష్షట, ఇక్కడ ఆకుతో పాటు కాల్షియం కూడా ఉచితం. గాల్లో సన్నధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు మించకూడదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంది. మన దేశపు ప్రమాణం 40. భారతీయుడి ఊపిరితిత్తులు ఎనిమిది రెట్లు గట్టివని ఢిల్లీలో ఎవరో తేల్చినట్టున్నారు. ఇంత గట్టి ఊపిరితిత్తులున్నవాడు పాలు పోసిన టీకి చచ్చిపోయాడంటే నమ్మాలి మరి.

నందిగామ దాటి బెజవాడ వైపు పోతే పరిటాల దగ్గర 135 అడుగుల ఆంజనేయస్వామి 2003 నుంచీ నిలబడి ఉన్నాడు. చిరంజీవి, ఈ చుట్టుపక్కల దీర్ఘాయుష్షు గ్యారంటీగా ఉన్నది ఆయనొక్కడికే. ఆ పక్కనే కొండల్ని పిండి కొట్టే క్వారీలు, క్రషర్లు. పవనసుతుడు కదా, కన్నతండ్రి గతి ఏమైందో అంత ఎత్తునుంచి ఆయనకి బాగానే కనిపిస్తుంటుంది.

మన ఆరోగ్య సదస్సులన్నీ ఏసీ కల్యాణమండపాల్లో జరుగుతాయి. ఒక్కటంటే ఒక్కటి పెనుగంచిప్రోలు అవతల మిరపచేలో పెట్టి చూడాలని నా కోరిక. ఫిబ్రవరి చివర, కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు. ఉపన్యాసకుణ్ని గట్టు మీద నిలబెట్టి మైకు చేతికివ్వాలి. ఎదురుగా సాళ్లలో ముఠా ఆడవాళ్లు, నెత్తిన తువ్వాలు, చీర మీద మగవాళ్ల పాత చొక్కా, నడుముకి గోనె. ఇలా సాగుతుంది:

"రోజుకి పదివేల అడుగులు వెయ్యాలి పెద్దమ్మా."

"వొంగొని వేసినయ్యి లెక్కలోకొస్తయ్యా అయ్యా?"

"ఎనిమిది గంటల నిద్ర తప్పనిసరి."

"ఆటో ఐదింటికే వచ్చిద్ది. మూడున్నరకి లేచి నేను వొండకపోతే ఇంట్లో ఏం తింటారు?"

"మనశ్శాంతి ముఖ్యం. కాసేపు కళ్లు మూసుకుని కూర్చోండి."

"మూస్తే మిరపకాయ మంట ఎక్కువయిద్దయ్యా. తెరిచుంటేనే నయం."

"సరే, కనీసం నీళ్లన్నా తాగండి. రోజుకి నాలుగు లీటర్లు."

"తాగి యాడికి పోవాల? చుట్టూ చేలేగా, మొగోళ్లు బస్తాలు ఎత్తుతా ఉంటే."

ఉపన్యాసం ఇక్కడ ఆగుతుంది. ఆగకపోతే ఆయన మనిషే కాదు.

ఈ ఒక్క ప్రశ్నకి ఏ గురువు దగ్గరా కషాయం లేదు. పొద్దుటి నుంచి సాయంత్రందాకా ఎండలో వొంగి, నీళ్లు తాగకుండా బిగబట్టుకుని, ఇంటికొచ్చి నడుము పట్టేస్తే ఆడమనిషి పోయేది ఆరెంపీ దగ్గరికి. మా ఊళ్లల్లో అసలైన ఆయుష్షు సలహాదారు ఆయనే. ఒక సూది, నాలుగు నొప్పి బిళ్లలు, మరీ నీరసమంటే గ్లూకోజు సీసా. రేపు మళ్లీ కోతకి పోవడానికి ఒళ్లు లేస్తే చాలు, అంతకుమించి ముందుచూపు ఆ కూలిడబ్బుల్లో లేదు. నీళ్లు తక్కువై, నొప్పి బిళ్లలు ఎక్కువైతే మూత్రపిండాలకి ముప్పని ఏ డాక్టరైనా చెబుతాడు. ఇదే మెట్టలో తిరువూరు వైపు ఎ.కొండూరు తండాల్లో మూత్రపిండాలు పాడై ఎంతమంది మంచాన పడ్డారో అందరికీ తెలుసు. నీళ్ల వల్లా, బిళ్లల వల్లా అని పెద్దలు ఏళ్ల తరబడి చర్చిస్తున్నారు. ఆ తండాలవాళ్లకి ఎవరైనా అలవాట్ల గురించి ఉపన్యాసం ఇస్తారా అంటే, ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

2024 జూన్‌లో జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్లలో అతిసారం ప్రబలింది. షేర్‌మహమ్మద్‌పేట, వత్సవాయి మండలం, ఒకటా రెండా. వాంతులు, విరేచనాలతో జనం ఆసుపత్రులకి పరిగెత్తారు. ప్రాణాలూ పోయాయి. అప్పుడు మంచాల దగ్గర నర్సులు కలిపిచ్చిందేమిటి? ఓఆర్‌ఎస్. అందులో ఉన్నదేమిటి? ఉప్పూ, చక్కెరా. టీవీల్లో తెల్లవిషాలని దుమ్మెత్తిపోసే ఆ రెండే మంచినీళ్లలో కలిసి మనుషుల్ని నిలబెట్టాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మనవాడి సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దరిదాపుల్లో ఉండేది, ఇప్పుడు 70. ఈ మధ్యలో మనమందరం కొర్రలు తిన్నామా? టీకాలేశారు, పురుడు ఆసుపత్రిలో పోశారు, యాంటీబయాటిక్కులొచ్చాయి, కొన్నిచోట్లయినా శుభ్రమైన నీళ్లొచ్చాయి, కడుపుకి తిండి దొరికింది. టీకా వేసిన ఏఎన్ఎమ్మకి యూట్యూబు ఛానల్ లేదు, అందుకని ఆమె గురువు కాలేదు.

సర్కారువారు ఊరుకుంటారా? 2025లో మే 21 నుంచి జూన్ 21 దాకా నెలరోజులు యోగాంధ్ర. వార్డుకీ, పంచాయతీకీ చాపలు పరిపించారు, చివర్న విశాఖలో 3 లక్షల మందికి పైగా జనంతో ఆసనాలు వేయించి గిన్నిస్‌లో రాయించారు. అంతకు ఎనిమిది నెలల ముందు, 2024 అక్టోబరులో, ఇదే సర్కారువారు 99 రూపాయలకే క్వార్టరు అందుబాటులోకి తెచ్చారు. రెండిట్లోనూ శవాసనం ఉంది కాబట్టి విధానంలో వైరుధ్యం లేదు. ముందున్న సర్కారు దశలవారీ మద్యనిషేధమని చెప్పి తానే కొట్లు తెరిచి అమ్మింది. అంతకుముందెప్పుడో 1995లో నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఖజానాకి లివరు లేదు, ఆ రకంగా అది ఆరోగ్యంగానే ఉంటుంది.

జపాన్ ఒకినావాలో, ఇటలీ సార్డీనియాలో నూరేళ్లవాళ్లు గుంపులు గుంపులుగా ఉంటారని, వాళ్ల అలవాట్లు నేర్చుకోమని పుస్తకాలొచ్చాయి, సినిమాలొచ్చాయి. సాల్ న్యూమన్ అనే పరిశోధకుడికి అనుమానమొచ్చి లెక్కలు తవ్వాడు. జనన రికార్డులు సరిగ్గా లేనిచోట, పేదరికం ఉన్నచోట, పింఛను కోసం వయసు తారుమారయ్యే చోట శతాధిక వృద్ధులు ఎక్కువగా తేలుతున్నారని చెప్పాడు. 2024లో ఆయనకి, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ ఇచ్చారు. జపాన్‌లోనే 2010లో వెతికిస్తే, రికార్డుల ప్రకారం నూరేళ్లు దాటి బతికున్నవాళ్లలో 2 లక్షల 30 వేల మందికి పైగా ఎక్కడున్నారో తెలియలేదు.

ఈ సంగతి ఆయన అంత కష్టపడకుండా మమ్మల్నడిగితే చెప్పేవాళ్లం. మా పల్లెల్లో పెద్దవాళ్లలో సగంమంది జనవరి 1నే పుట్టారు, ఆధార్ సాక్షిగా. పింఛను 60 ఏళ్లకి ఇస్తారు, నెలకి 4,000. చేతుల్లో బలం తగ్గినవాడు 57లో ఉంటే మీసేవ చుట్టూ తిరిగి ముసలివాడవుతాడు. ఉద్యోగం ఉన్నవాడు 62 ఏళ్ల రిటైర్మెంటు దగ్గర పడుతుంటే సర్టిఫికెట్టు చుట్టూ తిరిగి కుర్రవాడవుతాడు. వయసు తగ్గించే వైద్యం అమెరికాలో ఇంకా ప్రయోగదశలో ఉంది.

నిజంగా నూరేళ్లు బతికినవాళ్లు లేరా అంటే ఉన్నారు. కొండపల్లి కోటేశ్వరమ్మ గారు కృష్ణా జిల్లా పామర్రులో 1918లో పుట్టి 2018లో పోయారు. ఆవిడ అలవాట్లు రాసుకోండి: బాల్య వితంతువు, తర్వాత పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ పని, పోలీసుల కళ్లు కప్పి అజ్ఞాతవాసం, ఒంటరితనం, హాస్టల్లో మేట్రన్ ఉద్యోగం, కన్నపిల్లల్ని పోగొట్టుకోవడం. ఉదయం పరగడుపున తీసుకోదగ్గవి ఇందులో ఏవో గురువులే చెప్పాలి.

జగ్గయ్యపేటలో ధనంబోడు మీద బౌద్ధస్తూపం ఉంది. 1882లో పురావస్తు శాఖ బర్జెస్ దొర తవ్వించాడు. అక్కడ దొరికిన ఒక శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. చక్రవర్తి చెయ్యెత్తుతాడు, ఆకాశంలోంచి నాణేల వాన. అతను మాంధాత అని పండితులంటారు. జాతక కథ ప్రకారం మాంధాత స్వర్గానికి పోయి ఇంద్రుడితో సగం సింహాసనం పంచుకున్నాడు. 36 మంది ఇంద్రులు మారారు, ఈయన కదల్లేదు. అప్పుడు బుద్ధి పుట్టింది: సగమెందుకు, ఇంద్రుణ్ని చంపితే మొత్తం నాదే కదా! ఆ ఆశతోనే ముసలితనం మీదపడి తన తోటలోనే దబ్బున కిందపడ్డాడు. మా ఊరి రాయి రెండువేల ఏళ్లుగా చెబుతున్న కథ ఇది. మద్రాసుకి పంపేశాం కాబట్టి ఊళ్లో ఎవరికీ ఇబ్బంది లేదు.

ఈ కాలపు మాంధాత బ్రయాన్ జాన్సన్. అమెరికా కుబేరుడు, చావకుండా ఉండటానికి ఏడాదికి 20 లక్షల డాలర్లు ఖర్చుపెడతాడు. ముంబైలో వ్యాపారవేత్త నిఖిల్ కామత్ పాడ్‌కాస్టుకని వచ్చి కూర్చున్నాడు. గాలి శుద్ధిచేసే మిషను వెంట తెచ్చుకున్నాడు, ముక్కుకి మాస్కు. అయినా గదిలో గాలి నాణ్యత సూచీ, అదే ఏక్యూఐ, 130 చూపించింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో లేచి వెళ్లిపోయాడు. జనం నవ్వారు. నేను నవ్వలేదు, దేశంలో ఇన్ని ఆరోగ్య సదస్సులు జరిగితే గాలి బాగోలేదని లేచిపోయిన మొదటి ఉపన్యాసకుడు ఆయనే.

జాన్సన్ గారూ, ఈసారి మా వైపు రండి. హైదరాబాదులో విమానం దిగి 65వ నంబరు హైవే పట్టుకుంటే నేరుగా వచ్చేస్తారు. వానాకాలం మాత్రం వద్దు, 2023 జూలైలోలాగా ఐతవరం దగ్గర మున్నేరు రోడ్డెక్కిందంటే మీకెంత ఆయుష్షున్నా అంతా లారీల మధ్యే గడపాలి. ఫిబ్రవరిలో రండి. చిల్లకల్లు టోల్‌ప్లాజా దగ్గర దిగి ఫోన్ చెయ్యండి, మనిషిని పంపిస్తాను. పొద్దున్నే సర్వీసు రోడ్డు మీద ప్రాణాయామం. టిఫిన్‌కి ఇంట్లో మూడు మతాలూ ఉన్నాయి, మీకు నచ్చింది తినొచ్చు. తర్వాత మిరప కోత. పక్క సాల్లో పెద్దమ్మ ఉంటుంది, మీరు ఏది అడిగినా జవాబు చెబుతుంది. ఒక్క సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత నన్ననకండి: గాలి పడలేదని మధ్యాహ్నానికే లేచిపోతే మేస్త్రి ఆ పూట కూలి కూడా ఇవ్వడు.